సలహాకు సంతకం ఉండాలి: వ్యవసాయ విస్తరణలో డిజిటల్ సాధనాలు, రైతు అనుభవాల పంపకంపై సర్వసభ్య సమావేశ తీర్మానం

పల్నాడు ప్రాంతంలో మిరప, పత్తి, వరి పండించే చిన్న, సన్నకారు, కౌలు రైతుల ఉత్పత్తిదారుల సంఘం సర్వసభ్య సమావేశం ఏరువాక పున్నమికి ముందు వచ్చిన ఆదివారం నాడు, సంఘం గోదాము ఆవరణలో, అధ్యక్షురాలి అధ్యక్షతన జరిగింది. కోరం సరిపోయిందని కార్యదర్శి ప్రకటించాక ఎజెండాలోని నాలుగో అంశం చర్చకు వచ్చింది. ఉదయం పదింటికి మొదలైన చర్చ వండిన అన్నం చల్లారేదాకా సాగింది. చివరకు కింది తీర్మానం ఆమోదం పొందింది.

పీఠిక

2021–22 మిరప పంటకాలాన్ని ఈ సమావేశంలో ఎవరికీ కొత్తగా గుర్తు చెయ్యనక్కర్లేదు. కానీ దీన్ని చదివే అధికారులు ఆ తర్వాత బదిలీ మీద వచ్చినవారు కావచ్చు కనుక నాలుగు మాటలు రాసి ఉంచుతున్నాం. అప్పటిదాకా మనకు తెలిసిన తామర పురుగు ఆకును పట్టేది. ఆ ఏడు వచ్చిన నల్ల తామర పురుగు పూతలో దూరింది. పూత రాలింది, పిందె కట్టలేదు, కట్టిన కాయ వంకర తిరిగింది. ఈ పురుగును మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. ఇండోనేషియాలో ఇది మిరపను పీడిస్తుందని శాస్త్రవేత్తలకు ముందే తెలుసు. ఆరేళ్ల తర్వాత అది గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా తోటల్ని చుట్టేసింది. ఆ ఆరేళ్లలో ఆ కబురు మా చేనుగట్టుదాకా రాలేదు. నేరుగా పురుగే వచ్చింది.

ఆ చలికాలమంతా మా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. సమాచారం కరవై మేం నష్టపోయామంటే అబద్ధం. ఒకే రోజు ఒకే గ్రూపులో ఒకాయన రెండు మందులు కలిపి కొట్టమన్నాడు, ఇంకొకాయన నాలుగు కలపమన్నాడు. మూడోది వీడియో. అందులో మందు సీసా కనిపిస్తుంది గానీ చెప్పేవాడి ముఖం కనిపించదు. మూడింటినీ నమ్మి మూడూ కొట్టినవాళ్లు ఈ గోదాములోనే కూర్చుని ఉన్నారు. కొట్టినకొద్దీ మిత్రపురుగులు చచ్చాయి, తామర పురుగు మిగిలింది. నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె వాడండి, యూరియా తగ్గించండి, మందులు కలపకండి అన్న మాట మా ఊళ్లకు చేరేసరికి చాలామంది తోటలు దున్నేశారు. గ్రూపులో వచ్చిన ఆ మూడు సలహాలూ ఇచ్చిందెవరని తర్వాత వెతికితే ఒక్కరూ దొరకలేదు. "మాక్కూడా ఎవరో పంపారు" అన్నదే అందరి జవాబు.

ఈ తీర్మానం పుట్టింది ఆ జవాబు దగ్గరే.

రైతుకు సలహా చేర్చే ఏర్పాట్లు మనకు కొత్త కాదు. 1952లో సమాజాభివృద్ధి పథకం, మరుసటి ఏడు జాతీయ విస్తరణ సేవ వచ్చినప్పుడు ఊళ్లోకి గ్రామసేవక్ వచ్చాడు. 1970ల మధ్యలో డేనియల్ బెనర్ రూపొందించిన శిక్షణ–సందర్శన పద్ధతి వచ్చింది. ఫలానా ఊరికి పక్షానికోసారి ఫలానా రోజున అధికారి వస్తాడని రైతుకు ముందే తెలిసేది. రేడియోలో పాడిపంటలు విన్న తరం ఇంకా మన మధ్యే ఉంది. 1969లో 'అన్నదాత' పత్రిక మొదలైంది. 2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటర్ వచ్చింది. 2020 మేలో మన రాష్ట్రంలో రైతు భరోసా కేంద్రాలు తెరిచారు, ఇప్పుడు వాటి పేరు రైతు సేవా కేంద్రాలు. తెలంగాణలో రైతు వేదికలు కట్టి, 2024 మార్చి నుంచి శాస్త్రవేత్తలతో వీడియోలో ముఖాముఖి నడుపుతున్నారు. వీటిలో దేన్నీ తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు.

అయితే రైతు ఎవరిని అడుగుతున్నాడో కూడా చూడాలి. 2003లో జాతీయ నమూనా సర్వే 59వ విడతలో దేశవ్యాప్తంగా రైతులను ఈ సంగతే అడిగారు. కొత్త పద్ధతుల గురించి ఏదో ఒక చోటు నుంచి తెలుసుకున్నామన్నవారు నూటికి 40 మందే. తోటి మంచి రైతు ద్వారా తెలుసుకున్నవారు 16.7 శాతం, ఎరువులు పురుగుమందుల కొట్టు ద్వారా 13.1 శాతం, రేడియో ద్వారా 13 శాతం. విస్తరణ సిబ్బంది ద్వారా తెలుసుకున్నవారు 5.7 శాతం. ఆ లెక్క పాతదే, అప్పటికి చేతుల్లో ఫోన్లు లేవు. కానీ వరస ఇప్పటికీ మాకు తెలిసిన వరసలాగే ఉంది. ముందు పక్క చేను, తర్వాత కొట్టు, ఆఫీసు ఆఖర్న. కొట్టువాడిని అడగడం రైతు తెలివితక్కువతనం అనుకునే పెద్దలకు ఒక మాట చెప్పాలి. కొట్టువాడు అప్పు పెడతాడు, రాత్రి తొమ్మిదింటికీ తలుపు తీస్తాడు, వాడి పేరూ ఇల్లూ మాకు తెలుసు. మందు పనిచెయ్యకపోతే వెళ్లి నిలదీస్తాం. తప్పు సలహా ఇచ్చినా చిరునామా ఉన్న సలహా అది. ప్రభుత్వ యాప్ అయినా కంపెనీ యాప్ అయినా కనీసం ఆ మాత్రం చిరునామా ఇవ్వకుండా కొట్టువాడితో పోటీ పడలేదు.

ఇక్కడ వరంగల్ దగ్గర జరిగిన ఒక పాత ప్రయత్నాన్ని ఈ సమావేశం ప్రత్యేకంగా చెప్పుకుంది. 2004 ఖరీఫ్‌లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్లు ఆచార్య పి. కృష్ణారెడ్డి ఆధ్వర్యంలో 'ఈ–సాగు' అని ఒక పద్ధతి నడిపారు. ఊరుగొండ, గూడెప్పాడు, ఓగ్లాపూర్ అనే మూడు ఊళ్లలో 1,051 పత్తి చేలను ఎంచుకున్నారు. రైతు చేతిలో ఫోను లేదు, ఊళ్లో ఇంటర్నెట్టు సరిగ్గా లేదు. ఊరివాళ్లలోనే చదువుకున్న వారిని సమన్వయకర్తలుగా పెట్టి, వాళ్లు క్రమం తప్పకుండా ప్రతి చేనుకూ వెళ్లి ఫొటోలు తీసి, వివరాలు రాసుకుని, సీడీలో వేసి కొరియర్లో హైదరాబాదు పంపేవారు. అక్కడ వ్యవసాయ నిపుణులు ఆ చేను పాత చరిత్ర ముందు పెట్టుకుని ఫొటో చూసి సలహా రాసేవారు. దాన్ని సమన్వయకర్త రైతు ఇంటికి తీసుకువెళ్లి చెప్పేవాడు.

సీడీ, కొరియర్ అంటే ఇవాళ మన పిల్లలు నవ్వుతారు. కానీ ఆ పద్ధతిలో ఉన్న మూడు సంగతులు ఇవాళ్టి చాలా యాప్‌లలో లేవు. సలహా ఒక పంటకని కాక ఒక చేనుకని వచ్చేది. రైతు అడక్కముందే వచ్చేది. తెచ్చి చెప్పేవాడు ఊరివాడే కనుక పోయిన వారం చెప్పింది పనిచేసిందో లేదో ఈ వారం చూసేవాడు. పరికరం ఎంత మారినా ఈ మూడింటినీ వదులుకోకూడదని సభ ఏకాభిప్రాయానికి వచ్చింది.

అలాగే 2003లో ఖమ్మం జిల్లా పునుకుల పురుగుమందులు మానేసిన ఊరిగా తనను తాను ప్రకటించుకున్నప్పుడు ఆ కబురు ఊరి నుంచి ఊరికి మనుషుల కాళ్ల మీద పోయింది. జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008 అక్టోబరులో దళిత మహిళా రైతులు తమ సొంత సంఘం రేడియో మొదలుపెట్టి, విత్తనాల గురించి తమ యాసలోనే చెప్పుకున్నారు. మన రాష్ట్రంలో ప్రకృతి సాగు కార్యక్రమంలో తోటి రైతు మాట్లాడే చిన్న వీడియోలను అరచేతిలో పట్టే ప్రొజెక్టర్లతో పొదుపు సంఘాల సమావేశాల్లో గోడ మీద వేసి చూపించారు. చెప్పేది మనలాంటి మనిషే అయితే వినేవాళ్లు ఆగి వింటారు.

చర్చలో ఎక్కువమంది బాధపడింది మరో విషయం మీద. గ్రామ వ్యవసాయ సహాయకులు చదువుకున్న పిల్లలు, పంట గుర్తుపట్టగలవాళ్లు. కానీ పంట నమోదు, ఈకేవైసీ, ధాన్యం కొనుగోలు నమోదు, పథకాల జాబితాల సరిచూత ఇవన్నీ వాళ్ల ట్యాబు మీదే పడ్డాయి. చేనుకు వచ్చినా గట్టు మీద నిలబడి ఫొటో తీసి, లొకేషన్ పడిందో లేదో చూసుకుని వెళ్లిపోవాల్సిన పరిస్థితి. ఆ ఫొటో రైతు చేనులో ఉన్నాడని రుజువు చెయ్యడానికే, చేనులో ఏముందో చూడటానికి కాదు. డిజిటల్ విస్తరణ అనే పేరుతో మన ఊళ్లలో జరిగిన మొదటి మార్పు సలహా చెప్పే మనిషి లెక్కలు ఎక్కించే మనిషి కావడం. దీనికి ఆ పిల్లలను తప్పుపట్టడం లేదని ఈ సమావేశం స్పష్టంగా నమోదు చేస్తోంది.

పై కారణాల దృష్ట్యా ఈ సర్వసభ్య సమావేశం ఇందుమూలంగా తీర్మానించినది ఏమనగా:

1. సంఘం పేరుతో నడిచే ఏ వాట్సాప్ గ్రూపులోనైనా పెట్టే ప్రతి సాగు సలహాకూ సంతకం ఉండాలి. సంతకం అంటే పేరు ఒక్కటే సరిపోదు. ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, పంట ఏ దశలో ఉన్నప్పుడు వర్తిస్తుంది, ఏ పంపుకు ఎంత మోతాదు, పనిచెయ్యకపోతే ఎవరికి ఫోను చెయ్యాలి అన్నవి అందులో ఉండాలి. వేరేచోటి నుంచి వచ్చింది పంపితే మొదట ఎవరు చెప్పారో కనుక్కుని రాయాలి, కనుక్కోలేకపోతే పంపకూడదు. సంతకం లేని సలహాను గ్రూపు నడిపేవారు ఆ పూటే తీసేయాలి. శుభోదయం పూలబొమ్మలకు ఈ నిబంధన వర్తించదు. వాటికి వేరే గ్రూపు తెరవాలని కొందరు సభ్యులు కోరారు, కోరిక సమంజసమే.

2. మోతాదు గురించి విడిగా చెప్పాల్సి వస్తోంది. లీటరు నీటికి ఇన్ని మిల్లీలీటర్లు అని సలహా వస్తుంది. అది ఎకరానికి సుమారు 200 లీటర్ల నీళ్లు పట్టే చేతిపంపు లెక్క. తైవాన్ పంపుతో కొట్టేవాళ్లు అన్ని నీళ్లు పొయ్యరు. డ్రోనుకైతే ఎకరానికి పది లీటర్లతో పని అయిపోతుంది. లీటరు లెక్కే పట్టుకుంటే ఎకరానికి చేరాల్సిన మందు చేరదు, పనిచెయ్యలేదని రైతు రెట్టింపు కలుపుతాడు, మొక్క మాడుతుంది. కాబట్టి ప్రతి సలహాలో ఎకరానికి మొత్తం మందు ఎంత, చేతిపంపు ట్యాంకుకు ఎంత, తైవాన్ పంపు ట్యాంకుకు ఎంత, డ్రోనుతో కొట్టవచ్చా లేదా అన్నది విడివిడిగా రాయాలని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయాన్నీ, వ్యవసాయ, ఉద్యాన శాఖలనూ ఈ సమావేశం కోరుతోంది. హెక్టారు లెక్క మాకు వద్దు. మా చేలు ఎకరాల్లో, సెంట్లలో ఉన్నాయి.

3. ఊరికి ఇద్దరు చొప్పున పంట పరిశీలకులను సంఘం నియమిస్తుంది. ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. వారానికోసారి తమకు కేటాయించిన చేలు తిరిగి, ఫొటోలతో వివరాలు నమోదు చెయ్యడం వారి పని. వారి గౌరవ వేతనం సంఘం మిగులు నుంచి ఇవ్వాలి. ఏ మందుల కంపెనీ నుంచీ, ఏ కొట్టు నుంచీ వారు కమీషను గానీ బహుమతి గానీ తీసుకోకూడదు. తీసుకున్నట్టు తేలితే ఆ రోజే తొలగింపు.

ఫొటో ఎలా తియ్యాలో కూడా తీర్మానంలో రాయాలా అని ఒక సభ్యుడు అడిగారు. రాయాల్సిందే. మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. పై ముడతకు కొట్టే మందు వేరు, కింది ముడతకు కొట్టే మందు వేరు. నిలబడి పైనుంచి తీసిన ఫొటోలో రెండూ ఒకేలా పచ్చగా కనిపిస్తాయి. అందుకని ఆకు పైభాగం ఒకటి, అడుగుభాగం ఒకటి, మొక్క మొత్తం ఒకటి, సాలు దూరం నుంచి ఒకటి, ఇలా నాలుగు ఫొటోలు ఉండాలి. పూత దశలో నాలుగైదు పూలను తెల్లకాగితం మీద దులిపి ఆ కాగితం ఫొటో కూడా తియ్యాలి, నల్ల తామర పురుగు ఉంటే కాగితం మీద నడుస్తూ కనిపిస్తుంది. నాటిన తేదీ, ఆఖరుసారి కొట్టిన మందు, ఎరువు వేసిన తేదీ పక్కన రాయాలి. ఆఖరుసారి కొట్టిన మందు పేరు చెప్పడానికి రైతులు మొహమాటపడతారు. కొట్టువాడు ఇచ్చిన సీసా ఫొటో తీస్తే చాలు, ఎవరూ ఎవరినీ తప్పుపట్టకూడదు.

4. ప్రతి ఊళ్లో ఒక 'పంట పుస్తకం' ఉంటుంది. సభ్యులు తమ చేలో ఏం చేసి చూశారో, ఏమైందో అందులో రాయాలి. చదువు రానివారు చెబితే పరిశీలకులు ఫోనులో గొంతు రికార్డు చేసి ఎక్కించాలి. బాగా పండినవాళ్ల ముచ్చట్లు మాత్రమే వీడియోలవుతున్నాయి. పంట పోయినవాళ్ల చేను దగ్గరకు కెమెరా పోదు. మాకు పోయినవాళ్ల మాట ఎక్కువ అవసరం. కనుక పంట పుస్తకంలో విఫలమైన ప్రయోగాలకు ముందు పేజీలు కేటాయించాలని తీర్మానించడమైనది.

రైతు కనిపెట్టిన పద్ధతిని ఎవరు వాడుకున్నా, వీడియో చేసినా ఆ రైతు పేరూ ఊరూ చెప్పాలి. హైదరాబాదు దగ్గర ఆల్వాల్ రైతు చింతల వెంకటరెడ్డి నేల లోపలి మట్టితో పంటను బలపరిచే పద్ధతికి పేటెంటు పొందారు, 2020లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అందరికీ పేటెంట్లు రావు, అక్కర్లేదు కూడా. కానీ మాచర్ల వైపు ముసలమ్మ దాచిన విత్తనం సంగతి ఎవరో యువకుడి ఛానెల్లో వాడి తెలివిగా చెలామణీ కాకూడదు.

5. మహిళా సభ్యులు తెచ్చిన సవరణ. ముసాయిదాలో సాగు వీడియోల ప్రదర్శనలు శనివారం సాయంత్రం ఏడింటికి అని ఉంది. ఏడింటికి ఎవరు ఖాళీగా ఉంటారో రాసినవాళ్లకే తెలియాలని సవరణ తెచ్చిన సభ్యురాలు అన్నారు, సభ నవ్వింది. మిరప కోతలన్నీ ఆడవాళ్ల చేతుల మీదే సాగుతాయి. కలుపు, నారు, కళ్లంలో కాయ ఏరడం కూడా. ఫోను మాత్రం మగవాళ్ల జేబులో ఉంటుంది. తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు దేశంలో నూటికి 54 మందేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఎప్పుడైనా ఇంటర్నెట్టు వాడినవారు మూడింట ఒకవంతు, పల్లెల్లో ఇంకా తక్కువ. కనుక ప్రదర్శనలు పొదుపు సంఘం సమావేశం రోజునే, ఆ సమావేశంలోనే జరగాలి. రైతు సేవా కేంద్రంలో టీవీ ఉన్నచోట దాన్ని వాడాలి, లేనిచోట సంఘం ప్రొజెక్టరు కొనాలి. మహిళా పరిశీలకురాలి ఫోను బిల్లు సంఘమే కట్టాలి. సవరణ ఏకగ్రీవం.

6. కౌలు రైతులు. ఏ యాప్‌లో చేరాలన్నా పట్టాదారు పాసుపుస్తకం నంబరు అడిగితే, చేను దున్నేవాడు గేటు బయటే నిలబడతాడు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలలకు ఇచ్చే కార్డుకు యజమాని ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు. పథకం డబ్బుకు కార్డు అడగడంలో అర్థం ఉందేమో గానీ, తెగులుకు సలహా చెప్పడానికి పాసుపుస్తకం ఎందుకో మాకు అర్థం కాలేదు. ఫోను నంబరూ, ఊరూ, పంటా చెబితే సలహా అందాలి.

7. వాతావరణ శాఖ వ్యవసాయ బులెటిన్లు వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వస్తాయి. ఆ రెండు రోజుల్లోనూ గ్రామ వ్యవసాయ సహాయకులకు, ఉద్యాన సహాయకులకు ఎలాంటి నమోదు పనీ చెప్పకుండా చేలల్లో ఉండనివ్వాలని ప్రభుత్వాన్ని ఈ సమావేశం గట్టిగా కోరుతోంది. ఏ మంగళవారం ఏ డొంక వైపు వస్తారో ఖరీఫ్ మొదట్లోనే బోర్డు మీద రాయాలి. పాత శిక్షణ–సందర్శన పద్ధతికి ఎన్ని లోపాలున్నా రోజు తెలిసి ఉండటం మాత్రం మంచిదే. బులెటిన్ చేతిలో ఉన్న మనిషి, వాన ముందా తర్వాతా అని మోడం చూస్తున్న రైతు, ఇద్దరూ ఒకే గట్టు మీద ఉంటే యాప్ చేసే పనిలో సగం అక్కడే అయిపోతుంది.

8. సలహా ఇవ్వడానికి వేదికలు చాలా ఉన్నాయి. ఇచ్చిన సలహాను వెనక్కి తీసుకోవడానికి ఒక్కటీ లేదు. ట్రైజోఫాస్, డైక్లోర్‌వాస్, ఫోరేట్ వంటి మందులను 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మేలోనే ఆపింది. అయినా పాత వీడియోల్లో, పాత కరపత్రాల్లో ఆ పేర్లు ఇంకా బతికే ఉన్నాయి. ఫోరేట్ గుళికల మాట వీడియోలో విని కొట్టుకు వెళ్లి అడిగేవాళ్లు మా ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. అందువల్ల విశ్వవిద్యాలయమూ, శాఖా రద్దయిన సిఫార్సుల జాబితాను ప్రతి సీజను ముందూ తెలుగులో, గొంతుతో సహా విడుదల చెయ్యాలి. తమ పాత వీడియోల మీద 'ఇది ఇప్పుడు చెల్లదు' అని ముద్ర వెయ్యాలి. సంఘం కూడా తన గ్రూపుల్లోని పాత సందేశాలను దీపావళి లోపు వడకట్టాలి.

పేర్ల సంగతి కూడా చూడాలి. మన వైపు బొబ్బర తెగులు అంటే అందరికీ తెలుసు, యాప్‌లో అది వేరే పేరుతో ఉంటుంది. వరిలో కాటుక తెగులు అని ఒకరు, మానిపండు తెగులు అని ఒకరు అంటారు, రెండూ ఒకటే. సుడిదోమ, దోమపోటు కూడా అంతే. జిల్లాల వారీగా పురుగులు, తెగుళ్ల వాడుక పేర్లు సేకరించి, ఏ పేరుతో అడిగినా జవాబు దొరికేలా చెయ్యాలి. ఈ సేకరణకు మా పరిశీలకులు ఉచితంగా సాయపడతారు.

9. కృత్రిమ మేధ గురించి సభలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. ఖమ్మం జిల్లాలో 7,000 మంది మిరప రైతులతో నడిపిన 'సాగు బాగు' కార్యక్రమంలో ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందని దాన్ని నడిపించిన వరల్డ్ ఎకనమిక్ ఫోరం ప్రకటించింది. నడిపినవాళ్లే ప్రకటించిన లెక్క అయినా దాన్ని కాదనడానికి మా దగ్గర ఆధారం లేదు. అక్కడ ఉన్నది రైతు ప్రశ్నలకు జవాబిచ్చే చాట్‌బాట్ ఒక్కటే కాదు, మట్టి పరీక్ష, కాయ నాణ్యత పరీక్ష, కొనుగోలుదారులతో కలపడం కూడా ఉన్నాయి. కనుక ఫలితం మొత్తం చాట్‌బాట్ ఖాతాలో వెయ్యకూడదు.

యంత్రం తెలుగులో మాట విని తెలుగులో జవాబు చెబితే మాకు మంచిదే. మా పెద్దల్లో చాలామంది టైపు చెయ్యరు గానీ మాట్లాడమంటే ఆపరు. సంఘం ఏ సంస్థతో ఒప్పందం చేసుకున్నా కింది షరతులు తప్పవు: తెలియనప్పుడు తెలియదని చెప్పాలి, మనిషికి ఫోను కలపాలి, ఏ కంపెనీ సరుకునూ పేరు పెట్టి చెప్పకుండా మందు అసలు పేరు చెప్పాలి, ప్రతి జవాబు చివరా అది సరిచూసిన వ్యవసాయ పట్టభద్రుల పేరు ఉండాలి. యంత్రానికి సంతకం లేదు కనుక దాని వెనక మనిషి సంతకం చెయ్యాలి.

10. రైతు నమోదు సంఖ్యలు, చేను హద్దులు, పంట ఫొటోలు, అప్పుల వివరాలు అన్నీ ఒకచోట చేరుతున్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలి, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. సభ్యుల వివరాలను సంఘం బీమా, రుణ, మందుల కంపెనీలకు ఇవ్వదు. ఎవరైనా సభ్యుడు పరిశీలకుల నమోదు నుంచి తప్పుకుంటానంటే కారణం అడక్కుండా తొలగించాలి.

11. మందుల కొట్లవారిని శత్రువులుగా చూడాలన్న ఒక ప్రతిపాదన వీగిపోయింది. హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ (మేనేజ్) 2003 నుంచి డీలర్లకు ఏడాది డిప్లొమా నడుపుతోంది. ఆ డిప్లొమా చేసిన డీలర్లను సంఘం గ్రూపుల్లోకి ఆహ్వానించాలని, వారికీ ఒకటో అంశం కింది సంతకం నిబంధనే వర్తించాలని తీర్మానించడమైనది. రశీదు ఇవ్వనివారికి ఆహ్వానం లేదు.

భిన్నాభిప్రాయం

మూడో అంశంపై ఇద్దరు సభ్యులు భిన్నాభిప్రాయం నమోదు చెయ్యమన్నారు. పరిశీలకుల వేతనం ప్రభుత్వం భరించాల్సిన బాధ్యత అనీ, సంఘం తన డబ్బుతో ఆ పని మొదలుపెడితే ప్రభుత్వం చేతులు దులుపుకుంటుందనీ వారి వాదన. వాదనలో బలం ఉందని అధ్యక్షురాలు అంగీకరించారు. అయినా ఈ ఖరీఫ్ పోతుంటే చూస్తూ ఊరుకోలేమని, ఒక్క ఏడాదికి మాత్రమే ఈ ఖర్చును ఆమోదిస్తున్నామని, ఆ లోపు ప్రభుత్వానికి విడిగా వినతి పంపాలని సభ నిర్ణయించింది. తొమ్మిదో అంశంపై ఒక పెద్దాయన, ఫోనుతో మాట్లాడే వయసు తనది కాదనీ, తనకు మనిషే కావాలనీ అన్నారు. ఆ మాట యథాతథంగా మినిట్స్‌లో చేర్చడమైనది.

అమలు

పరిశీలకుల ఎంపిక తొలి వానలకు ముందే ముగియాలి. నారు పోసే నాటికి పంట పుస్తకాలు ఊళ్లకు చేరాలి. సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం సంఘం తిరిగి సమావేశమై, ఎన్ని సలహాలు వచ్చాయి, ఎన్నింటికి సంతకం ఉంది, ఎన్నింటిని తీసేశాం, ఎన్ని పనిచెయ్యలేదు అన్న లెక్క చూడాలి. పనిచెయ్యని సలహా ఇచ్చినవారిని ఆ సమావేశానికి పిలవాలి. తిట్టడానికి కాదని, ఎక్కడ తప్పిందో చెప్పించుకోవడానికని ఆహ్వానంలో ముందే రాయాలి.

ఈ తీర్మానం ప్రతులను జిల్లా కలెక్టరుకు, జిల్లా వ్యవసాయాధికారికి, ఉద్యాన అధికారికి, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ విస్తరణ విభాగానికి, మండలంలోని రైతు సేవా కేంద్రాలన్నింటికీ పంపాలి. తీర్మానం పూర్తి పాఠాన్ని చదివి రికార్డు చేసి, ఒకటో అంశం ప్రకారం కింద కార్యదర్శి పేరు, తేదీ, ఫోను నంబరు చెప్పి, ఈ రాత్రికే సంఘం గ్రూపులో పెట్టాలి.

ప్రతిపాదన: మిరప రైతుల ఉపసంఘం. బలపరచినది: మహిళా సభ్యుల ఉపసంఘం. ఐదో అంశం సవరణతో, రెండు భిన్నాభిప్రాయాలతో ఆమోదం.

(సం.) అధ్యక్షురాలు
(సం.) కార్యదర్శి